కొండ ఎక్కే ముందు గుండెను అడగండి



మూడేళ్ళ క్రిందట వేసవి సెలవులకు ముందు ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు భార్యతో కలిసి మా ఓ.పి.కి వచ్చారు. వయసు 61. చేతిలో ఒక కాగితం. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు తండ్రి కోసం ఒక విహారయాత్ర బుక్ చేశాడట. ఫ్రాన్సు దక్షిణ భాగంలో వారం రోజులు, గైడు వెంట ఉండగా, పాత ఊళ్ళ మీదుగా, కొండల మీదుగా సైకిలు యాత్ర. నిర్వాహకులు ఆరోగ్య ధ్రువపత్రం అడిగారు. "సంతకం ఒక్కటే కదా డాక్టరు గారూ" అన్నారాయన. "ముప్పయ్యేళ్ళు కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్ళినవాణ్ణి. నాకేమవుతుంది?"

ప్రక్కనే ఉన్న అమ్మగారు మెల్లగా అందుకున్నారు. "మేడ మెట్లు ఎక్కితే గ్యాసు పట్టేస్తోందని గుండె రుద్దుకుంటున్నారు కదండీ, అది చెప్పరేం?"

ఆ ఒక్క మాట వల్ల ఆ రోజు నేను సంతకం పెట్టలేదు. తరువాత ఏమైందో చివరలో చెబుతాను. మాస్టారి అనుమతితోనే, పేరు చెప్పకుండా ఇది వ్రాస్తున్నాను. మన పిల్లలు విదేశాలలో స్థిరపడ్డాక తల్లిదండ్రులను ఇలాంటి యాత్రలకు పంపడం పెరిగింది. అది ప్రేమతో ఇచ్చే కానుక. అయితే ఆ కానుకను అందుకునే దేహం దానికి సిద్ధంగా ఉందా అన్నది ముందుగా చూసుకోవాలి.

ఎలాంటి యాత్ర ఇది?

మాస్టారికి కుమారుడు ఎంచుకున్నది ప్రోవాన్స్ అనే ప్రాంతం. ఇలాంటి యాత్రలలో చిన్న బృందంగా బయలుదేరుతారు. ముందు ఒక గైడు సైకిలు మీద దారి చూపిస్తాడు. వెనుక ఒక వ్యాను వస్తుంది. సామాను, మంచినీళ్ళు, తినుబండారాలు, పంక్చరు సామగ్రి అందులో ఉంటాయి. అలసిపోయినవారు సైకిలు వ్యాను మీద పెట్టి లోపల కూర్చోవచ్చు. రాత్రికి ఏదో ఒక ఊరిలో బస. రోజుకు 50 నుండి 80 కి.మీ. తొక్కడం సాధారణం.

ఆ వ్యాను ఉన్నది వాడుకోవడానికే. చాలామంది దానిలో కూర్చోవడం అవమానమనుకుంటారు. మేము రోగులకు చెప్పే మొదటి మాట అదే: వ్యాను ఎక్కడం ఓటమి కాదు.

పాత ఊళ్ళ నడుమ

యాత్ర మొదటి రోజులు లుబెరాన్ అనే కొండల వరుస చుట్టూ జరుగుతాయి. గోర్డ్ అనే ఊరు రాతి ఇళ్ళతో కొండ అంచున గూడులా అమరి ఉంటుంది. దాని క్రింద ఇరుకు లోయలో సెనాంక్ మఠం ఉంది. 1148లో సిస్టెర్షియన్ సన్యాసులు స్థాపించిన ఆ మఠం ముందు జూన్ చివర, జూలై మొదట్లో లావెండరు తోట ఊదారంగులో పూస్తుంది. రూసియోన్ అనే మరో ఊరిలో గోడలన్నీ ఎర్రమట్టి రంగు. అక్కడి నేలలోని కావిమట్టిని ఒకప్పుడు రంగుల తయారీకి తవ్వి తీసేవారు. బొన్యూ అనే ఊరి సమీపంలో రోమీయులు కట్టిన జూలియన్ వంతెన ఉంది. మన ప్రభువు జన్మించిన కాలానికి దాదాపు సమకాలీనమైన ఆ వంతెన మీద 2005 వరకు కార్లు కూడా తిరిగాయి. ఇప్పుడు నడిచేవారికి, సైకిలు మీద వెళ్ళేవారికి మాత్రమే విడిచిపెట్టారు.

విశ్వాసులమైన మనం ఆగి చూడవలసిన ఊరు మెరిందోల్. 12వ శతాబ్దంలో లియోన్ నగరంలో వాల్డెస్ అనే వర్తకుడు ఆస్తి విడిచిపెట్టి, లేఖనాలను ప్రజల భాషలో వినిపించడం మొదలుపెట్టాడు. ఆయన వెంట నడిచినవారిని వాల్డెన్సీయులు అంటారు. తరువాతి కాలంలో వారిలో అనేక కుటుంబాలు లుబెరాన్ గ్రామాలలో వ్యవసాయం చేసుకుంటూ స్థిరపడ్డాయి. 1532లో వారు సంస్కరణోద్యమంతో చేతులు కలిపారు. ఒలివెటాన్ అనువదించిన ఫ్రెంచి బైబిలు 1535లో అచ్చు కావడానికి డబ్బు సమకూర్చినది ఎక్కువగా ఈ వాల్డెన్సీయులే. 1545 ఏప్రిల్‌లో, ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ కాలంలో, సైన్యం ఈ గ్రామాలపై విరుచుకుపడింది. మెరిందోల్, కాబ్రియేర్, లూర్మారిన్ వంటి ఊళ్ళు తగలబడ్డాయి. ఎంతోమంది చనిపోయారు. బ్రతికిన మగవారిలో అనేకులను ఓడలలో తెడ్లు వేసే శిక్షకు పంపారు. పాత మెరిందోల్ శిథిలాలు ఇప్పటికీ కొండ మీద ఉన్నాయి. అక్కడ ఒక జ్ఞాపక ఫలకం కూడా ఉంది. అంతదాకా వెళ్ళి, కిలోమీటర్ల లెక్క కోసం అక్కడ ఆగకుండా పోవడం న్యాయం కాదు.

ఆ కొండ పేరు వెంటూ

యాత్రలో అందరూ ఎదురుచూసేది వెంటూ కొండ. ఎత్తు సుమారు 1,910 మీటర్లు. చుట్టూ మరో పెద్ద కొండ లేకుండా ఒంటరిగా నిలబడి ఉంటుంది. పై భాగమంతా చెట్టు లేని తెల్లని సున్నపురాయి. ఎండాకాలంలో దూరం నుండి చూసినవారు మంచు అనుకుంటారు. మిస్ట్రాల్ అనే ఉత్తరపు గాలి అక్కడ మనిషిని సైకిలుతో సహా ప్రక్కకు నెట్టగలదు. శీతాకాలంలో మంచు వల్ల పై దారి మూసివేస్తారు.

పైకి మూడు తారురోడ్లు ఉన్నాయి. బెద్వాన్ ఊరి నుండి సుమారు 21 కి.మీ. ఆ దూరంలో దాదాపు 1,600 మీటర్ల ఎత్తు ఎక్కాలి. మధ్యలో అడవి గుండా వెళ్ళే తొమ్మిది కిలోమీటర్లకు పైగా భాగంలో ప్రతి 100 మీటర్లకు రోడ్డు 9 మీటర్లు పైకి లేస్తుంది. ఎక్కడా ఊపిరి తీసుకునే చదును లేదు. మలోసేన్ ఊరి వైపు దారి కూడా దాదాపు అంతే కష్టం. మూడవది సో అనే ఊరి నుండి. అది 26 కి.మీ. పొడవు ఉన్నా, బయలుదేరే చోటే ఎత్తులో ఉంది కనుక ఎక్కవలసింది సుమారు 1,200 మీటర్లే. బెద్వాన్ దారి, సో దారి షాలే రేనార్ అనే చోట కలుస్తాయి. అక్కడి నుండి శిఖరం 6 కి.మీ.

మాస్టారి కాలవ గట్టుకు, ఈ దారికి పోలిక లేదు. చదును నేల మీద సైకిలు తొక్కేవాడు అలసిపోతే కాళ్ళు ఆపవచ్చు, సైకిలు దానంతట అదే కొంత దూరం పోతుంది. ఎత్తు మీద కాళ్ళు ఆపితే సైకిలు ఆగిపోతుంది. అందుచేత గుండె రెండు మూడు గంటలు విరామం లేకుండా పనిచేయాలి. కాలవ గట్టు మీద ముప్పయ్యేళ్ళూ బయటపడని జబ్బు ఇక్కడ ముప్పయి నిమిషాలలో బయటపడవచ్చు.

ఒక క్రీడాకారుడి మరణం

1967 జూలై 13న టూర్ ద ఫ్రాన్స్ పందెం ఈ కొండ మీదుగా సాగింది. ఇంగ్లండుకు చెందిన టామ్ సింప్సన్ వయసు 29. అంతకు రెండేళ్ళ ముందే ప్రపంచ విజేత అయినవాడు. ఆ రోజు ఎండ విపరీతంగా ఉంది. కొద్ది రోజులుగా ఆయనకు కడుపు బాగా లేదు. ఆ కాలంలో పందెంలో తీసుకునే నీటిమీద కూడా ఆంక్షలు ఉండేవి. దారిలో మద్యం త్రాగాడు. అలసట తెలియకుండా చేసే యాంఫెటమీన్ మాత్రలు కూడా వాడినట్లు తరువాతి పరీక్షలలో తేలింది. శిఖరం ఇంకా కిలోమీటరు పైచిలుకు ఉందనగా పడిపోయాడు. తిరిగి సైకిలు ఎక్కించారు. కొంత దూరం పోయి మళ్ళీ పడిపోయాడు. ఇక లేవలేదు. ఆ చోట రోడ్డు ప్రక్కన రాతి స్మారకం ఉంది. వెళ్ళేవారు అక్కడ నీళ్ళ సీసాలు, టోపీలు ఉంచి వస్తారు.

వైద్యుడిగా నేను ఈ సంఘటనలో చూసేది ఇది. ఎండ, ఒంట్లో నీరు తగ్గడం, మద్యం, మందు. నాలుగూ కలిసినప్పుడు ఇరవైతొమ్మిదేళ్ళ దృఢకాయుడి దేహం కూడా నిలవలేదు. అలసట అనేది దేవుడు దేహంలో పెట్టిన గంట. ఆ మందు గంట మోగకుండా చేసింది. మనలో ఎవరూ యాంఫెటమీన్ వేసుకోరు. కానీ నొప్పి మాత్ర వేసుకుని, గ్యాసు మాత్ర వేసుకుని, "డబ్బు కట్టేశాం కదా" అనుకుని అదే గంటను నొక్కిపెడుతూ ఉంటాం.

ఎవరు ముందుగా పరీక్ష చేయించుకోవాలి?

నలభై దాటినవారు, బి.పి., షుగరు, కొలెస్టరాల్ ఉన్నవారు, పొగత్రాగేవారు, చిన్న వయసులో గుండెపోటు వచ్చిన రక్తసంబంధికులు ఉన్నవారు కనీసం మూడు నెలల ముందు వైద్యుని కలవాలి. ఈ.సి.జి. బాగుంటే చాలదు. అది కూర్చున్న గుండెను చూపిస్తుంది, శ్రమపడే గుండెను కాదు. వైద్యుడు అవసరమనుకుంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. శ్రమ చేస్తే వచ్చి విశ్రాంతి తీసుకుంటే తగ్గే ఛాతీ బిగువును, దవడ నొప్పిని, ఎడమ చేయి లాగడాన్ని గ్యాసు అనుకుని వదలకండి.

షుగరు ఉన్నవారికి ప్రత్యేకంగా నాలుగు మాటలు.

1. ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి ఎక్కువసేపు సైకిలు తొక్కితే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. మోతాదు ఎలా మార్చుకోవాలో ముందే వైద్యునితో మాట్లాడుకోండి.

2. బయలుదేరే ముందు షుగరు 90 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని, మళ్ళీ చూసుకుని బయలుదేరండి. జేబులో గ్లూకోజు ఉండాలి. గైడుకు మీకు షుగరు ఉందని చెప్పండి. దాచవద్దు.

3. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు మూత్రం ద్వారా షుగరును, నీటిని బయటకు పంపుతాయి. ఎండలో శ్రమపడే రోజులలో వీటి విషయం తప్పక అడగండి. మీ అంతట మీరు ఆపవద్దు.

4. ఇన్సులిన్‌ను విమానంలో చేతి సంచిలోనే ఉంచుకోండి. సామాను గదిలో గడ్డకట్టవచ్చు. ఎండలో నిలిపిన వ్యానులో పెడితే పాడైపోతుంది.

బి.పి.కి ఎటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవారికి నాడి వేగం మామూలుగా పెరగదు. కనుక చేతి గడియారంలో కనిపించే నాడి అంకెను నమ్ముకోకండి. షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండె దడ కూడా వీరికి తెలియకపోవచ్చు. స్టెంటు వేయించుకుని రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారు పడితే రక్తస్రావం ఎక్కువ. తలకు దెబ్బ తగిలితే బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి.

మూడు నెలల తయారీ

సైకిలు తొక్కే అలవాటు లేనివారు వారానికి మూడు రోజులు, అరగంటతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. చివరి నెలలో వారానికి ఒకరోజు మూడు నాలుగు గంటలు తొక్కగలగాలి. దగ్గరలో ఘాట్ రోడ్డు ఉంటే వాహనాలు తక్కువగా ఉండే ఉదయం వేళ అక్కడ అభ్యాసం చేయండి. లేనివారికి వంతెన ఎత్తు కూడా పనికివస్తుంది. ఒకే వంతెనను పదిసార్లు ఎక్కినా అభ్యాసమే.

ఎంత వేగంగా తొక్కాలి అంటే, ప్రక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత. రెండు మాటలకు ఊపిరి అందకపోతే తగ్గించండి.

సీటు ఎత్తు సరిచూసుకోండి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ క్రిందికి ఉంటే మోకాలి చిప్ప నొప్పి చేస్తుంది. అద్దె సైకిలుకు కొండలకు తగిన తేలిక గేర్లు అడగండి. చేతివేళ్ళు, ముఖ్యంగా చిటికెన వ్రేలు తిమ్మిరెక్కితే అరచేతిలోని నరం నొక్కుకుంటోందని అర్థం. చేతుల స్థానం మారుస్తూ ఉండండి.

పెద్ద వయసువారు బ్యాటరీ సాయం ఉన్న సైకిలు తీసుకోవడానికి సంకోచించకండి. ఐరోపాలో వీటి మోటారు పెడల్ తొక్కితేనే సాయం చేస్తుంది. గంటకు 25 కి.మీ. వేగం దాటితే ఆగిపోతుంది. వ్యాయామం వ్యాయామమే, గుండె మీద భారం మాత్రం తగ్గుతుంది.

దారిలో

ఫ్రాన్సులో వాహనాలు రోడ్డుకు కుడి ప్రక్కన నడుస్తాయి. మనవారికి అలవాటు ప్రకారం కూడళ్ళలో ఎడమకు తిరిగే ప్రమాదం ఉంది. మొదటి రోజు గైడు వెనుకే ఉండండి. హెల్మెట్ ఎప్పుడూ తీయవద్దు.

దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా త్రాగండి. ఎండలో గంటకు సుమారు అర లీటరు నుండి ముప్పావు లీటరు సరిపోతుంది. గంటల తరబడి వట్టి నీళ్ళు మాత్రమే అతిగా త్రాగినా రక్తంలో ఉప్పు పలచబడి అపాయం కలుగుతుంది. కనుక మధ్యమధ్య ఓ.ఆర్.ఎస్. కలుపుకోండి. బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత వాడాలో ముందుగా అడగండి. గంటకొకసారి అరటిపండో, ఖర్జూరాలో తినండి. మూత్రం చిక్కని పసుపురంగులో వస్తుంటే నీరు చాలలేదని గుర్తు. ఆ ప్రాంతం ద్రాక్షతోటలకు పేరు. భోజనాల వద్ద మద్యం తప్పక ఎదురవుతుంది. మృదువుగా వద్దనండి. ఒంట్లో నీరు తగ్గిన రోజున ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చని కూడా గుర్తుంచుకోండి.

ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు చలి. 1,000 మీటర్ల ఎత్తుకు వేడి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. క్రింద 34 డిగ్రీలు ఉన్న రోజున వెంటూ శిఖరం మీద 24 ఉండవచ్చు. దానికి గాలి తోడవుతుంది. చెమటతో తడిసిన బట్టలతో అలాగే దిగితే వణుకుకు చేతులు బ్రేకు పట్టలేవు. పైన ఆగి గాలి ఆపే చొక్కా వేసుకోండి. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి, పట్టి వదులుతూ వేయండి. మలుపుకు ముందే వేగం తగ్గించండి, మలుపులో కాదు.

వెంటనే ఆగవలసిన గుర్తులు

- ఛాతీలో బిగువు, దవడ లేదా చేతిలోకి ప్రాకే నొప్పి
- ఆగినా తగ్గని ఆయాసం
- కళ్ళు తిరగడం, మాట తడబడడం, తికమకపడడం
- ఎండలో వణుకు, చెమట ఆగిపోవడం, ఒళ్ళు కాలిపోవడం
- గుండె లయ తప్పినట్లు కొట్టుకోవడం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సైకిలు దిగి గైడును పిలవండి. ఐరోపా అంతటా అత్యవసర నంబరు 112. వడదెబ్బ తగిలి తికమకపడుతున్నవారిని నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి విసరండి. స్పృహ సరిగా లేనివారి నోట నీళ్ళు పోయవద్దు. వీసాకు కావలసిన ఆరోగ్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. అయితే సైకిలు యాత్ర, కొండ మీద నుండి తరలింపు అందులో ఉన్నాయో లేదో కాగితం చదివి తెలుసుకోండి. మందుల చీటీలో మందుల అసలు పేర్లు ఉండాలి, కంపెనీ పేర్లు కాదు.

మాస్టారి సంగతి

ట్రెడ్‌మిల్ మీద ఆరు నిమిషాలకే మాస్టారి ఈ.సి.జి.లో మార్పులు కనిపించాయి. పెద్ద ఆసుపత్రికి పంపాము. యాంజియోగ్రాంలో ఒక రక్తనాళం చాలా వరకు మూసుకుపోయి ఉంది. స్టెంటు వేశారు. ఆ వేసవి యాత్ర రద్దయింది. కట్టిన డబ్బులో కొంత తిరిగి రాలేదు. మాస్టారు నాతో రెండు నెలలు సరిగా మాట్లాడలేదు. ఆ కోపాన్ని నేను అర్థం చేసుకున్నాను.

తరువాత ఏడాదంతా ఆయన క్రమంగా నడిచారు, తొక్కారు, బరువు తగ్గారు. మరుసటి వేసవిలో గుండె నిపుణుని అనుమతితో వెళ్ళారు. బ్యాటరీ సైకిలు మీద, సో ఊరి వైపు నుండి ఎక్కారు. షాలే రేనార్ దగ్గర గాలి ఎక్కువగా ఉందని ఆగిపోయారట. శిఖరం ఆరు కిలోమీటర్లలో కనిపిస్తూనే ఉంది. కొడుకు పైకి వెళ్ళివచ్చేదాకా ఈయన అక్కడ కూర్చుని టీ త్రాగారు. తిరిగి వచ్చాక నాకు చూపించిన ఫోటో శిఖరంది కాదు, మెరిందోల్ శిథిలాలది. "డాక్టరు గారూ, ఆరు కిలోమీటర్లు మీకు బాకీ" అని నవ్వారు.

ఈ కొండ గురించి మరొక సంగతి ఉంది. 1336 ఏప్రిల్ 26న ఇటలీ కవి పెట్రార్క్ తన తమ్ముడు గెరార్డోతో కలిసి మలోసేన్ వైపు నుండి కాలినడకన వెంటూ ఎక్కినట్లు ఒక ఉత్తరంలో వ్రాశాడు. ఒక ముసలి గొర్రెల కాపరి వద్దని చెప్పి చూశాడు. తమ్ముడు నిటారు దారిన పోతే, తాను తేలిక దారులు వెతికి మరింత అలసిపోయాడు. శిఖరం మీద జేబులోని అగస్టీన్ గారి 'కన్ఫెషన్స్' తెరవగా, మనుషులు పర్వతాలను చూసి అబ్బురపడుతూ తమ్మును తాము పట్టించుకోరన్న భావం గల చోటు కనిపించింది. ఆయన సిగ్గుపడి, దిగేదాకా మౌనంగా ఉండిపోయాడట.

అగస్టీన్ గారు చెప్పినది ఆత్మ గురించి. దేహానికి కూడా అది వర్తిస్తుందని నాకు తోస్తుంది. మన దేహం ఆలయమని పౌలు కొరింథీ సంఘానికి వ్రాసిన మాట మనకు తెలిసినదే. ఫ్రాన్సుకు వెళ్ళే స్తోమత అందరికీ ఉండదు. కానీ ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండ ఎక్కేవారు, ప్రార్థనకు ఊరి ప్రక్క గుట్ట ఎక్కేవారు, మూడవ అంతస్తుకు నీళ్ళ బిందె మోసే తల్లులు మనలో ఎందరో ఉన్నారు. ఎక్కేటప్పుడు ఛాతీ బిగుస్తోందా? గ్యాసు అనుకోకండి. ఇంట్లోవారు చెప్పే మాట వినండి. ఒకసారి వచ్చి చూపించుకోండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.